ఫోరెన్సిక్ ఎంటమాలజీకి ముందు ఏ డిగ్రీ: ఫోరెన్సిక్ సైన్సా, జువాలజీయా?

బ్రాడీపేట అమ్మ:
మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. శవం మీద చేరిన పురుగులను బట్టి మనిషి ఎప్పుడు చనిపోయాడో చెప్పే చదువు చదువుతానని పట్టుబట్టింది. వాళ్ల నాన్న రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. నాకు ఆ చదువంటే అసహ్యం లేదు, తోవ తెలియకే టెన్షన్. ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్ సీటుకు ఈ వారంలోనే అడ్వాన్స్ కట్టమంటున్నారు. కట్టేయమంటారా, గుంటూరులోనే జువాలజీలో చేర్చమంటారా?

పటమట కుర్రాడు:
సీటు వదలకండి ఆంటీ. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలని వాటిలో ఒకటైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 176(3) చెబుతోంది. అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. అంటే మనుషులు కావాలి. సాక్ష్యం ఎలా సేకరించాలి, ఎలా సీలు వేయాలి, కోర్టులో ఎలా నిలబడాలి అన్నవి మొదటి ఏడాది నుంచే నేర్చుకున్నవాళ్లకు జువాలజీ నుంచి వచ్చినవాళ్లకంటే తోవ సులువవుతుంది.

జువాలజీ లెక్చరర్, విజయవాడ:
తమ్ముడూ, చట్టం సంగతి నువ్వన్నది నిజమే. అమ్మాయి అడుగుతున్నది మాత్రం ఈగల చదువు. నేను చూసిన ఫోరెన్సిక్ డిగ్రీ సిలబస్‌లలో వేలిముద్రలు, తుపాకులు, విషాలు, చేతిరాతలు అన్నీ తలా కాస్త ఉంటాయి, పురుగులకు ఒక యూనిట్ దక్కితే గొప్ప.

ఈ పని ఎలా ఉంటుందో చెబుతాను. ఏటా మా పిల్లలతో డాబా మీద కోడి కార్జం పెట్టిస్తాను. ఎండెక్కేసరికి పచ్చగా మెరిసే ఈగలు వాలతాయి. సాయంత్రానికి కార్జం అంచున ఉప్మా రవ్వ చల్లినట్టు గుడ్లు, మర్నాటికి పురుగులు. కొన్నిటిని బాగా వేడినీళ్లలో ముంచి 80 శాతం ఆల్కహాల్‌లో వేస్తాం. లేకపోతే ముడుచుకుపోయి నల్లబడతాయి, పొడవు కొలత తప్పుతుంది. మిగతావాటిని ఈగలయ్యేదాకా పెంచుతాం, పురుగుగా ఉన్నప్పుడు జాతి గుర్తుపట్టడం కష్టం కాబట్టి. మైక్రోస్కోపు కింద పురుగు వెనక కొసన ఊపిరి రంధ్రాలు కనిపిస్తాయి. ఒక్కోదానిలో రెండు చీలికలుంటే పురుగు ఎదుగుదలలో రెండో దశ, మూడుంటే మూడో దశ. ఇది కళ్లకు అలవాటవ్వడానికే నెలలు పడుతుంది.

మన దగ్గర కనిపించే క్రైసోమియా రూఫిఫేసిస్ అనే ఈగ లార్వా, అంటే దాని పురుగు, ఒంటి నిండా ముళ్లలాంటి కండలతో ఉంటుంది, పక్కనున్న వేరే పురుగులను తినేస్తుంది. ముందొచ్చిన పురుగులను అది తినేసిందని తెలియకపోతే లెక్క మొత్తం తప్పుతుంది. పైగా పురుగు చెప్పేది ఈగ గుడ్డు పెట్టి ఎంతసేపైందనే. అది ఎంత వేగంగా పెరుగుతుందన్నది వేడిని బట్టి ఉంటుంది. చలిదేశంలో తయారైన పట్టిక తెచ్చి బెజవాడ మే ఎండకు పెడితే ఆ తప్పు ఎవరి మెడకైనా చుట్టుకోవచ్చు. అందుకే ముందు ఈగను చదవాలంటాను, ఫోరెన్సిక్ తర్వాత.

మేడమ్, జువాలజీ డిగ్రీ ఇక్కడే చేయించండి. పీజీకి హైదరాబాద్ ఉస్మానియా, గాంధీనగర్ జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉన్నాయి. బ్లో ఫ్లైల మీద, అంటే శవాల మీద వాలే ఈ ఈగల మీద పరిశోధనంటే పటియాలా పంజాబీ యూనివర్సిటీ జువాలజీ విభాగం పేరు వినిపిస్తుంది. దారి పొడుగే, దాచను. అమెరికాలో ఈ రంగానికున్న బోర్డులో పై హోదా కావాలంటే పీహెచ్‌డీ ఉండాలి.

పటమట కుర్రాడు:
ఈగ ముందన్నది ఒప్పుకుంటా సార్. కానీ మన ఫోరెన్సిక్ ల్యాబుల్లో ఎంటమాలజీకి వేరే విభాగం లేదు కదా, బయాలజీ విభాగంలోనే చూస్తారు. పీహెచ్‌డీదాకా లాక్కెళ్లగలిగిన ఇల్లు అయితే సరే, మధ్యలో ఉద్యోగం కావాల్సినవాళ్ల మాటేమిటి?

జువాలజీ లెక్చరర్, విజయవాడ:
ఆ ప్రశ్న న్యాయమైనదే. ల్యాబు ఉద్యోగాల పాత నోటిఫికేషన్లు తెచ్చి అర్హతల వరుస చదవాలి, డిగ్రీ ఎంచుకోకముందే.

లాం రోడ్డు:
మూడో దారి ఎవరూ చెప్పలేదు. ఈఏపీసెట్ రాసి ఉంటే అగ్రి బీఎస్సీ చూడండి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర మన లాంలోనే ఉంది. తర్వాత ఎమ్మెస్సీ ఎంటమాలజీ చేయొచ్చు. పురుగును పట్టడం, పెంచడం, పిన్ను గుచ్చి భద్రపరచడం చేత్తో నేర్పే చదువు అది. ఒకవేళ శవాల వైపు మనసు మారినా పంటల వైపు బతుకుంది.

బ్రాడీపేట అమ్మ:
అందరికీ నమస్కారం. నిన్న అమ్మాయిని తీసుకుని ఆ కాలేజీకి వెళ్లాను. పురుగులు పెంచే చోటు చూపించమంటే ఆఫీసులో ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ల్యాబులో వేలిముద్రల పౌడరు, బ్రష్షులు ఉన్నాయి, పురుగుల పెట్టె ఒక్కటీ లేదు. అడ్వాన్స్ కట్టలేదు. ఈఏపీసెట్ మంచి మార్కులే వచ్చాయి, రేపు లాం వెళ్తున్నాం. లెక్చరర్ గారూ, మా డాబా మీద కార్జం పెడతానంటోంది, పిల్లి రాకుండా దేనితో మూయాలో చెప్పండి.