సమస్య: వీడుకోలు తోడ వేడ్క మొదలు

నిర్వాహకుడు: సదస్సుల ఆహ్వానపత్రాల్లో ‘వాలెడిక్టరీ’ అని అచ్చేస్తుంటారు కదా, ఈ పాదం అక్కడ పుట్టింది. లాటిన్‌లో ‘వాలే’ అంటే క్షేమంగా ఉండు, ‘డీకెరె’ అంటే పలకడం. వాలెడిక్షన్ సభలో చెప్పే వీడ్కోలు మాట, ఉత్తరం చివర సంతకం పైన రాసే మాట కూడా. బస్టాండులో చెప్పే ‘బై’కి ఇది నప్పదు. ఈ పాదంతో ముగిసేలా నాలుగు పాదాల ఆటవెలది పద్యం పూరించండి.

ప్రవాసి:
చదువు తీరు నాఁడు సభను నిలిచి పల్కు
మొదటి ర్యాంకు పిల్ల మురిసి మురిసి
అంత్య సభను వారు ఆరంభ మందురు
వీడుకోలు తోడ వేడ్క మొదలు

గోదారిగట్టు: విరుపు అద్భుతం. అమెరికాలో పట్టాల పండుగ పేరే ‘కమెన్స్‌మెంట్’, అంటే ఆరంభం. అందులో వీడ్కోలు ప్రసంగం వాలెడిక్టోరియన్‌ది. స్వాగతం పలికే రెండో ర్యాంకు వారు సాల్యుటటోరియన్. సమస్యకు ఇంతకన్నా సూటి సమాధానం దొరకదు. కానీ ‘వారు ఆరంభ’ విసంధి, అంటే కలపాల్సిన చోట సంధి కలపకపోవడం. ఉత్తుకు (పొట్టి ఉకారానికి) అచ్చు పరమైతే సంధి నిత్యం. కలిపితే ‘వారారంభ’, గణం (పాదంలో అక్షరాల లెక్క) చెడుతుంది. ‘అంత్య సభనె యచట నారంభ మందురు’ అంటే సరి. ‘మురిసి మురిసి’ వట్టి పూరకం. ‘మ్రొక్కు లనుచు’ అనండి, గురువులకు కృతజ్ఞత చెప్పడం ఆ ప్రసంగంలో ఉండేదే.

లఘువు: ‘మొదటి ర్యాంకు’లో ‘టి’ గురువు (ఛందస్సులో పొడుగు అక్షరం) కాదా?

గోదారిగట్టు: కాదు. ‘మొదటి’ తెలుగు మాట, సమాసం లేదు. పక్క పదం సంయుక్తాక్షరంతో మొదలైనా ‘టి’ లఘువే (పొట్టి అక్షరమే).

ప్రవాసి: రెండు సవరణలూ తీసుకుంటున్నాను. యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలోని అక్షరం కలవడం) విషయంలో మాత్రం, కిందటి వారం ‘చివరి’తో పాదం మొదలుపెట్టి నాలుగో గణంలో ‘గవుల’ (కవుల) వేసిన మీరు…

గోదారిగట్టు: ‘చివరి మాట పలికెఁ గవుల సభను’. అది ప్రాసయతి, మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిసే యతి. రెండో అక్షరం రెండుచోట్లా వకారం, ముందున్నవి రెండూ లఘువులు. ఆటవెలదిలో నిక్షేపంగా చెల్లుతుంది. ఆనాడే చెప్పాను, ఈనాడూ చెబుతున్నాను.

లఘువు:
ఇట్లు, నీదె యనుచు నింతి వ్రాసిన లేఖ
తుదిని ముందు చదివి తుళ్లె వరుఁడు
పైన నున్న కబురు పట్టించుకొనునొకో
వీడుకోలు తోడ వేడ్క మొదలు

ప్రవాసి: లఘువు గారూ, ఉత్తరాన్ని కింది నుంచి చదివించారు, ఈ వారం పద్యం ఇదే! మొదటి పాదంలో ఇ–ని స్వరయతి (అచ్చుల పొత్తు) కూడా హాయిగా కుదిరింది.

గోదారిగట్టు: ఒప్పుకుంటాను, ఇది ప్రవాసి గారి పద్యం కన్నా ఒక మెట్టు పైన.

నిర్వాహకుడు: ఆఫీసు ఉత్తరాలకు పనికొచ్చే మాట ఒకటి. బ్రిటిష్ పద్ధతిలో ‘డియర్ సర్’ అని మొదలైతే చివర ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’, పేరుతో పిలిస్తే ‘యువర్స్ సిన్సియర్లీ’. పై సంబోధన మార్చి కింది మాట మరిచిపోవడం తరచూ జరిగే తప్పు. తర్వాత కామా, దాని కింద సంతకం.

ప్రవాసి: ఆ ‘గవుల’ సంగతి ఇంకా తేలలేదు. ప్రాసయతి చెల్లుతుంది, సరే. కానీ ‘కవుల సభను’లో ఆ ద్వితీయా విభక్తి ‘ను’ దేనికి? ‘సభలో’ అనే అర్థానికి ‘సభను’ ఎలా సరిపోతుంది?

గోదారిగట్టు: మీ మొదటి పాదంలో ‘సభను నిలిచి’ ఎలా సరిపోయిందో అలాగే.