గోల్ఫ్‌లో మూడు స్కోరు కార్డులకు హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చూపే అంకె, తక్కువైతే మేలు) 32.8 వచ్చింది, నా లెక్కలో 40 వస్తోంది. తేడా ఎక్కడ?

తొమ్మిదో జెండా

క్లబ్‌లో చేరాక 18 హోల్స్ కార్డులు మూడు ఎక్కించాను. మొదటి రెండూ ఒకే కోర్సు, ఒకే టీ (మొదటి షాట్ కొట్టే చోటు): పార్ (మంచి ఆటగాడికి పట్టాలని పెట్టిన స్ట్రోకులు, అంటే షాట్లు) 72, కోర్స్ రేటింగ్ (హ్యాండిక్యాప్ సున్నా ఉన్నవాడు కొట్టే అంచనా స్కోరు) 70.8, స్లోప్ (మామూలు ఆటగాడికి కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) 124. స్కోర్లు 118, 110. మూడోది వేరే కోర్సు: పార్ 70, రేటింగ్ 68.9, స్లోప్ 116. అక్కడ 106.

పార్ మీద 46, 38, 36 అయ్యాయి. సగటు సరిగ్గా 40. సిస్టమ్ మాత్రం 32.8 అంటోంది. మొదటి రౌండ్‌లో ఒక 4 పార్‌లో 11, ఒక 3 పార్‌లో 10 పడ్డాయి. రెండో రౌండ్‌లో ఒక 5 పార్‌లో 11. మూడో రౌండ్‌లో అంత ఘోరాలు లేవు. ఈ ఏడు స్ట్రోకులు ఎటు పోయాయో అంకెలు వేసి చూపిస్తారా? ఇంకోటి, పోటీకి వెళ్తే ఈ 32.8నే చెప్పాలా?

పచ్చికలెక్క

32.8 కరెక్టే. మీరు మూడు చోట్ల దారి తప్పారు. స్కోరులోంచి పార్ తీసేశారు, తీయాల్సింది కోర్స్ రేటింగ్. స్లోప్ జోలికే వెళ్లలేదు. పైగా సగటు కట్టారు. మూడు కార్డులప్పుడు సగటు అనేదే ఉండదు, ఉన్నవాటిలో మంచిదొక్కటే లెక్కలోకి వస్తుంది.

ముందు స్కోరు సవరణ. ఇంకా హ్యాండిక్యాప్ రాని ఆటగాడికి ఏ హోల్‌లోనైనా గరిష్ఠం పార్ ప్లస్ 5. ఎన్ని కొట్టినా 3 పార్‌లో 8 దగ్గర, 4 పార్‌లో 9 దగ్గర, 5 పార్‌లో 10 దగ్గర ఆపేస్తారు. ఒక్క పాడు హోల్ రౌండంతటినీ ముంచకూడదని ఈ నియమం. మీ మొదటి కార్డులో 11 కాస్తా 9, 10 కాస్తా 8 అవుతాయి. నాలుగు తగ్గి 118 అయింది 114. రెండో కార్డులో 11 బదులు 10, కాబట్టి 109. మూడోది 106గానే ఉంటుంది.

తర్వాత ఒక్కో కార్డుకీ స్కోర్ డిఫరెన్షియల్ కడతారు:

(113 ÷ స్లోప్) × (సవరించిన స్కోరు − కోర్స్ రేటింగ్ − పీసీసీ)

113 అంటే ప్రామాణిక స్లోప్. పీసీసీ అంటే ఆ రోజు ఆట పరిస్థితులకు ఇచ్చే సవరణ. −1 నుంచి +3 దాకా ఉండొచ్చు. ఆ రోజు ఆ కోర్సులో 36.0 లేదా అంతకన్నా తక్కువ ఇండెక్స్ (మీ 32.8 లాంటి హ్యాండిక్యాప్ అంకె) ఉన్నవాళ్ల స్కోర్లు కనీసం ఎనిమిది పడితే సిస్టమే చూసుకుంటుంది. మామూలు రోజుల్లో సున్నా. ఇక్కడా సున్నా అనే అనుకుందాం.

మొదటి కార్డు: 114 − 70.8 = 43.2. దాన్ని 113/124తో గుణిస్తే 39.4.
రెండోది: 109 − 70.8 = 38.2. డిఫరెన్షియల్ 34.8.
మూడోది: 106 − 68.9 = 37.1. దీన్ని 113/116తో గుణిస్తే 36.1.

106 కొట్టిన రోజే బాగా ఆడానని మీరు అనుకుంటుంటారు. లెక్క ప్రకారం మీ మంచి రౌండ్ 109 కొట్టినదే. ఆ కోర్సు రేటింగూ ఎక్కువ, స్లోపూ ఎక్కువ మరి.

మూడు కార్డులున్నప్పుడు అతి తక్కువ డిఫరెన్షియల్‌లోంచి 2.0 తీసేస్తారు. 34.8 − 2.0 = 32.8. మీకు కనిపిస్తున్నది ఇదే.

పాతకార్డు

మూడు కార్డులకే ఎలా ఇచ్చారు? ఐదు కావాలి కదా. సగటు తీసి 96 శాతం కట్టాలి, ఆఖరి 20లో మంచివి 10. 2.0 తీసేయడం అనే మాటే ఎప్పుడూ వినలేదు.

మూడోపుట్

మీరు చెప్పింది అమెరికా పాత పద్ధతి. అందులో ఐదు కార్డులు ఉండాలి, మంచి 10 స్కోర్ల సగటుకు 96 శాతం ఉండేది, అదంతా నిజమే. 2020 జనవరిలో వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్ మొదలైంది. గోల్ఫ్ నియమాలు చూసే సంస్థలు యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ కలిసి తెచ్చినది. అప్పటిదాకా ప్రపంచంలో ఆరు వేర్వేరు పద్ధతులు నడిచేవి, అవన్నీ పోయి ఇదొకటే మిగిలింది. 96 శాతం గుణకం తీసేశారు, 20లో మంచివి 10 బదులు 8 అయ్యాయి. మొదటి ఇండెక్స్‌కు 54 హోల్స్ చాలు: మూడు 18లు కావచ్చు, ఆరు 9లు కావచ్చు, రెండూ కలిసిందీ కావచ్చు. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా గరిష్ఠ ఇండెక్స్ 54.0.

తొమ్మిదో జెండా గారూ, మీకు ముందే చెప్పాల్సింది ఒకటుంది. ఇప్పుడు వచ్చిన 32.8 ఎక్కువ కాలం నిలవదు. ఆట పాడవకపోయినా పెరుగుతుంది. కార్డుల సంఖ్యను బట్టి లెక్క ఇలా మారుతుంది:

3 కార్డులు: మంచిది ఒకటి, మైనస్ 2.0
4: మంచిది ఒకటి, మైనస్ 1.0
5: మంచిది ఒకటి, తగ్గింపు లేదు
6: మంచివి రెండింటి సగటు, మైనస్ 1.0
7, 8: మంచివి రెండు
9 నుంచి 11: మూడు
12 నుంచి 14: నాలుగు
15, 16: ఐదు
17, 18: ఆరు
19: ఏడు
20: ఎనిమిది

మీ కార్డులతోనే చూద్దాం. నాలుగో రౌండ్ డిఫరెన్షియల్ 36.6 అనుకోండి. మంచిది ఇంకా 34.8నే, కానీ తగ్గింపు 1.0కి పడిపోయింది, కాబట్టి ఇండెక్స్ 33.8. ఐదోది 37.5 వస్తే తగ్గింపే ఉండదు, 34.8. ఆరోది 35.2 వస్తే 34.8, 35.2ల సగటు 35.0, అందులోంచి 1.0 పోతే 34.0. రెండు వారాల్లో 32.8 నుంచి 34.8కి వెళ్లి మళ్లీ 34.0కి దిగిందన్నమాట, మీ ఆట మాత్రం ఉన్నచోటే ఉంది. ఇది చూసి చాలామంది స్వింగ్ మార్చేసుకుంటారు. అనవసరం. మూడు కార్డులతో ఆటగాడి అసలు సత్తా తెలియదు, కొత్తవాడు త్వరగా మెరుగవుతాడు కూడా. అందుకే మొదట్లో కావాలనే కాస్త బిగించి ఇస్తారు. 20 కార్డులు పడేదాకా ఆ అంకెను పట్టించుకోకుండా ఉండటమే మేలు.

పాతకార్డు

సరే, నాది పాత లెక్క. మరి పెరుగుదలకు అడ్డుకట్ట ఏమీ లేదా?

మూడోపుట్

ఉంది, కానీ 20 కార్డులు పడ్డాకే. అప్పటినుంచి గత ఏడాదిలో మీ అతి తక్కువ ఇండెక్స్‌ను సిస్టమ్ గుర్తుపెట్టుకుంటుంది. దానికన్నా 3.0 పైకి వెళ్లాక పెరుగుదలలో సగమే కలుపుతుంది, 5.0 దాటనివ్వదు. కొత్తవాళ్లకు ఈ గొడవ ఇప్పుడే లేదు.

మార్కర్

లెక్క సిస్టమ్ చేస్తుంది, అందులో తప్పు రావడం అరుదు. తప్పులన్నీ కార్డు ఎక్కించే చోట జరుగుతాయి.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది టీ తప్పు ఎంచుకోవడం. రేటింగ్, స్లోప్ కోర్సుకు ఒకటి కాదు, ఒక్కో టీకి ఒక్కోటి. అదే టీకి ఆడవాళ్లకు వేరే, మగవాళ్లకు వేరే. మీరు తెల్ల టీ నుంచి ఆడి, ఎక్కించేటప్పుడు జాబితాలో మొదట కనిపించిన వెనక టీ నొక్కారనుకోండి, దాని రేటింగ్ 73.1, స్లోప్ 131 అనుకోండి. అదే 109కి డిఫరెన్షియల్ 34.8 బదులు 31.0 అవుతుంది. మూడు కార్డుల దశలో ఇండెక్స్ తేల్చేది ఆ ఒక్క అంకే, కాబట్టి 32.8 కాస్తా 29.0. పోటీలో మీ నెత్తిన మీరే నాలుగు స్ట్రోకులు వేసుకున్నట్టు. కార్డు మీద టీ రంగు పక్కన అచ్చైన రేటింగ్, స్లోప్‌లను స్క్రీన్ మీదివాటితో ఒకసారి సరిచూసుకోండి.

రెండోది, మొత్తం ఒక్కటే ఎక్కించడం. హోల్ వారీగా ఇస్తే పార్ ప్లస్ 5 సవరణ సిస్టమే చేస్తుంది. మొత్తం మాత్రమే ఇచ్చే చోట ఆ కోత మీరే కోయాలి. మర్చిపోతే మీ మొదటి కార్డు 118గా పడి డిఫరెన్షియల్ 43.0 అయ్యేది.

మూడోది, బాల్ ఎత్తేసిన హోల్. స్నేహితులు "ఇచ్చేశాం" అన్నా, మీరే విసిగి తీసేసుకున్నా ఆ హోల్ ఖాళీగా వదలకూడదు. అప్పటికి కొట్టిన స్ట్రోకులు, పెనాల్టీలు లెక్కపెట్టి, పూర్తి చేయడానికి బహుశా ఎన్ని పట్టేవో కలపాలి. గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద గుంతకు 5 అడుగుల లోపైతే ఒకటి. 5 అడుగుల నుంచి 20 గజాల దాకా రెండు గానీ మూడు గానీ. 20 గజాలు దాటితే మూడు గానీ నాలుగు గానీ. ఉదాహరణకు 5 పార్‌లో ఏడు కొట్టి, 10 గజాల దూరంలో బాల్ ఎత్తేశారు. గ్రీన్ సులువుగా ఉంటే 9, వాలుగా ఉంటే 10. దీనికీ పార్ ప్లస్ 5 హద్దు వర్తిస్తుంది.

ఇక అసలు చెల్లని కార్డులు కొన్ని. టీమ్ అంతా ఒకే బాల్‌ను ఎంచుకుని ఆడే స్క్రాంబుల్ పనికిరాదు. మొదటి షాట్ నచ్చక ఇంకో బాల్ పెట్టి కొట్టి, దాన్నే స్కోరుగా రాసుకున్నదీ పనికిరాదు. నియమాల ప్రకారం ఆడాలి, కార్డును పక్కన ఆడినవాళ్లెవరైనా ధ్రువీకరించాలి. 18 హోల్స్ కార్డుగా ఎక్కించాలంటే కనీసం 10 హోల్స్ ఆడి ఉండాలి.

ఇండెక్స్ ఇవ్వగలిగేది జాతీయ గోల్ఫ్ సంఘం గానీ, దాని గుర్తింపు ఉన్న క్లబ్ గానీ. ఫోన్‌లో స్కోరు రాసుకునే ప్రతి యాప్ కూడా "మీ హ్యాండిక్యాప్" అని ఏదో అంకె చూపిస్తుంది, దాన్ని పోటీ డెస్క్ దగ్గర ఎవరూ ఒప్పుకోరు.

తొమ్మిదో జెండా

టీలు సరిచూశాను, సరిగ్గానే ఉన్నాయి. మార్కర్ గారూ, పోటీ సంగతి మిగిలిపోయింది.

పచ్చికలెక్క

డెస్క్ దగ్గర చెప్పాల్సింది 32.8నే, అది మీ ఇండెక్స్. ఏ కోర్సుకైనా అదే అంకె. కానీ ఆ రోజు మీకు దొరికే స్ట్రోకులు వేరు, వాటిని కోర్స్ హ్యాండిక్యాప్ అంటారు:

ఇండెక్స్ × (స్లోప్ ÷ 113) + (కోర్స్ రేటింగ్ − పార్)

మొదటి కోర్సులో 32.8 × 124/113 అంటే 35.99. దానికి 70.8 − 72, అంటే −1.2 కలిపితే 34.79. గుండ్రం చేస్తే 35. రెండో కోర్సులో ఇదే లెక్కకు 32.57, అంటే 33. స్లోప్ ఎక్కువున్న చోట రెండు స్ట్రోకులు ఎక్కువ దొరికాయి. వ్యక్తిగత స్ట్రోక్ ప్లే (రౌండ్ మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే) పోటీల్లో మామూలుగా 95 శాతమే ఇస్తారు, కాబట్టి మొదటి కోర్సులో 33 మీద ఆడతారు. పోటీ నిబంధనల్లో గరిష్ఠ హ్యాండిక్యాప్ పెట్టి ఉంటే అది కూడా చూసుకోండి.

నాలుగో కార్డు నుంచి ఇంకో మార్పు ఉంది. ఇండెక్స్ వచ్చేసింది కనుక పార్ ప్లస్ 5 ఇక వర్తించదు, నెట్ డబుల్ బోగీ వస్తుంది. పార్ ప్లస్ 2, దానికి ఆ హోల్‌లో మీకు దొరికే స్ట్రోకులు కలపాలి. మొదటి కోర్సులో 35 స్ట్రోకులను పంచితే, స్ట్రోక్ ఇండెక్స్ (స్ట్రోకులు పంచడానికి హోల్స్‌కు ఇచ్చే 1 నుంచి 18 వరుస సంఖ్య) 1 నుంచి 17 దాకా ఉన్న హోల్స్‌లో రెండేసి, 18వదానిలో ఒకటి వస్తాయి. అంటే 4 పార్‌లో మీ గరిష్ఠం ఇకపై 8, స్ట్రోక్ ఇండెక్స్ 18 ఉన్నదైతే 7. ఇన్నాళ్లూ 9 ఉండేది. కొత్తవాళ్లు పాత 9నే మనసులో పెట్టుకుని మొత్తం ఎక్కిస్తారు, అక్కడ డిఫరెన్షియల్ ఒకటో రెండో పెరిగిపోతుంది. హోల్ వారీగా ఎక్కిస్తే ఈ బాధ లేదు. ఇక్కడ వాడాల్సింది కోర్స్ హ్యాండిక్యాప్ 35, 95 శాతం కట్టిన 33 కాదు.

మూడోపుట్

దీనికి చిన్న చేర్పు. ఇండెక్స్ వచ్చాక 9 హోల్స్ మాత్రమే ఆడినా ఎక్కించేయండి. 2024కి ముందు ఇంకో 9 పడేదాకా అది అలాగే ఆగేది. ఇప్పుడు మీ ఇండెక్స్‌ను బట్టి మిగతా 9కి ఊహించే డిఫరెన్షియల్‌ను కలిపి అప్పటికప్పుడే 18 హోల్స్ లెక్క కట్టేస్తారు. 20 కార్డుల దాకా త్వరగా చేరడానికి సాయంత్రం ఆడిన తొమ్మిదీ పనికొస్తుంది.