చెరువు నిర్వహణను కాలనీ కమిటీ ఒప్పందం మీద తీసుకోవడం మేలేనా?

కట్టమీది వేప (ప్రశ్న)

హైదరాబాదు శివారులో, పాత రికార్డుల ప్రకారం 27 ఎకరాలున్న ఒక చెరువు చుట్టూ ఉన్న నాలుగు కాలనీల వాళ్లం మూడేళ్ల కిందట పరిరక్షణ కమిటీగా ఏర్పడ్డాము. ఆదివారాలు గుర్రపు డెక్క తీయడం, రాత్రిపూట భవన శిథిలాలు తెచ్చి పోసే టిప్పర్ల మీద ఫిర్యాదులు చేయడం, బతుకమ్మ పండుగకూ నిమజ్జనానికీ మరుసటి రోజు ఒడ్డు శుభ్రం చేయడం ఇప్పటిదాకా మేము చేసిన పని. ఇప్పుడు మా ముందుకు ఒక ముసాయిదా ఒప్పందం వచ్చింది. ఒక కంపెనీ తన సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులతో కట్ట వైపు తప్ప మిగిలిన మూడు వైపులా 900 మీటర్ల నడకదారి, ఇనుప కంచె, దీపాలు, నీటి మధ్యలో ఫౌంటెన్ కట్టించి ఇస్తుంది. ఆ తర్వాతి నిర్వహణ అంతా మా కమిటీదే.

సర్వసభ్య సమావేశంలో సగం మంది సంతకం చేయమన్నారు, సగం మంది వద్దన్నారు. కార్యదర్శిగా నా మనసు సంతకం వైపే మొగ్గుతోంది, ఎందుకంటే మూడేళ్లుగా పదిహేను మందికి మించి ఆదివారాలు రావడం లేదు. అయినా, ఒకసారి పెట్టిన సంతకం వెనక్కి తీసుకోలేము కాబట్టి ఇక్కడి పెద్దల అభిప్రాయం కోరుతున్నాను.

ఉదయపు నడక

సంతకం చేయండి. మనుషులు తిరగని చెరువే ముందుగా కబ్జా అవుతుందన్నది నేను ముప్పై ఏళ్లుగా ఈ నగరంలో చూస్తున్న సంగతి. ముళ్లకంప పెరిగి, దుర్వాసన వచ్చి, జనం అటువైపు వెళ్లడం మానేసిన తర్వాతే టిప్పర్లు వస్తాయి. తెల్లవారుజామున రెండు వందల మంది నడిచే దారి ఉన్న చోట లారీ మట్టి దింపడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

అమీన్‌పూర్ పెద్ద చెరువు సంగతి చూడండి. దాన్ని పట్టించుకునే వాళ్లు కొందరు పూనుకొని శుభ్రం చేసి, చెట్లు నాటి, పక్షుల లెక్కలు తీశాక 2016లో ప్రభుత్వం దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. బెంగళూరులో కైకొండ్రహళ్ళి చెరువు కూడా చుట్టుపక్కల నివాసులు నగరపాలక సంస్థతో కలిసి పనిచేయడం వల్లనే తిరిగి నీళ్లు చూసింది. ప్రజలు బాధ్యత తీసుకోకపోతే ప్రభుత్వం ఒక్కటే ఏ చెరువునూ కాపాడలేదు. డబ్బు ఇచ్చేవారు వచ్చినప్పుడు సందేహిస్తూ కూర్చుంటే ఆ డబ్బు మరో చెరువుకు పోతుంది.

పాత తూము

నేను చిన్ననీటి పారుదల శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ని. ఉదయపు నడక గారి మాటల్లో మనుషుల రాకపోకలే చెరువుకు కాపలా అన్నదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే ఈ ముసాయిదాలో చెరువు గురించి ఏమీ లేదు, ఒడ్డు గురించే ఉంది. కాస్త వివరంగా చెప్పనివ్వండి.

చెరువు అంటే మనకు కనిపించే నీళ్లు మాత్రమే కాదు. పైనుంచి నీళ్లు తెచ్చే కాలువలు, ఆ నీటిని ఆపే కట్ట, కిందికి వదిలే తూము, మిగులు నీరు పొర్లిపోయే అలుగు, ఆ అలుగు నీరు చేరే కింది చెరువు, ఇవన్నీ కలిస్తేనే చెరువు. మన దక్కన్ చెరువులు గొలుసుకట్టుగా కట్టినవి. అలుగు అంచు దాకా నీరు నిండితే ఆ నీరు ఎంత మేర నిలుస్తుందో అదే పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్ హద్దు. మన చెరువులు లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. వంద అడుగులకు అర అడుగు వాలున్న చోట అలుగును ఒక్క అడుగు తగ్గగొడితే రెండు వందల అడుగుల నేల బయటపడుతుంది. కబ్జాదారులకు ఈ లెక్క మనకంటే బాగా తెలుసు.

ఇప్పుడు మీ నడకదారి సంగతి. నడిచే బాట పన్నెండు అడుగులే కావచ్చు, కానీ దానికి పోసే మట్టి, రెండు పక్కల వాలు, కంచె అన్నీ కలిపితే నలభై అడుగుల పట్టీ అవసరమవుతుంది. దాన్ని ఎఫ్‌టీఎల్ లోపల వేస్తే, 900 మీటర్ల పొడవున సుమారు 2.7 ఎకరాలు చెరువు నుంచి పోతాయి. 27 ఎకరాల చెరువు 24.3 ఎకరాలవుతుంది. ఈ తేడా చిన్నదని అనుకోవద్దు. 2012 నాటి భవన నిర్మాణ నియమాలు, అంటే జీవో 168 ప్రకారం, పది హెక్టార్లు లేదా అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్ల ఖాళీ నేల (బఫర్) వదలాలి. పది హెక్టార్ల లోపు చెరువుకు 9 మీటర్లు చాలు. పది హెక్టార్లంటే 24.7 ఎకరాలు. మీ నడకదారికి నీటి వైపున్న అంచునే రేపు ఎవరైనా చెరువు హద్దుగా కొలిస్తే, చెరువు ఆ గీత కిందికి జారి, చుట్టూ 21 మీటర్ల వెడల్పున నేల నిర్మాణాలకు దొరుకుతుంది. అంత పనీ మీ చెరువును ప్రేమించే మీ కమిటీ సంతకంతోనే జరుగుతుంది.

ఇది ఊహ కాదు. నేను ఉద్యోగంలో ఉండగా ఒక చెరువుకు చుట్టూ మట్టి గట్టు (రింగ్ బండ్) వేశారు, సర్వే రాళ్లు ఎక్కడున్నాయో ఎవరూ వెతకలేదు. రెండేళ్లకు ఆ బండే హద్దని అందరూ నమ్మారు. బండుకు బయట మిగిలిన శిఖం భూమిలో, అంటే చెరువు లోపలి నేలలో, ఇళ్లు లేచాయి. కొలతలు జరగకముందు పని మొదలుపెట్టవద్దని నేను రాసిన కాగితం ఏ ఫైలులో ఉందో నాకు తెలియదు, కానీ ఆ ఇళ్లలోకి వానాకాలం నీళ్లు వస్తున్నాయని మాత్రం తెలుసు. శిఖం పట్టా ఉన్నవాళ్లు సైతం నీరు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టకూడదు.

ఇక నీటి సంగతి. మీరు మూడేళ్లుగా గుర్రపు డెక్క తీస్తున్నారు, అది తిరిగి పెరుగుతోంది. దానికి కారణం మీ శ్రమలోని లోపం కాదు, పైకాలువలో వచ్చే మురుగు. మురుగులోని నత్రజని, భాస్వరమే దానికి ఎరువు. తీసిన డెక్కను ఒడ్డునే కుప్ప వేస్తే కుళ్లి ఆ ఎరువు మళ్లీ నీటిలోకే పోతుంది. ఫౌంటెన్ తన చుట్టూ కొద్ది మేర నీటికి గాలి అందిస్తుంది, మురుగును మాత్రం ఆపదు. కొన్నిచోట్ల మురుగు రాకుండా చెరువు చుట్టూ పైపు వేసి దించేశారు, ఆ పైపులోనే వాన నీరు కూడా పోయి చెరువు ఎండింది. మురుగును వేరు చేసి, శుద్ధి చేసి, వాన నీటిని మాత్రం లోపలికి రానివ్వడం అసలు పని. అది ఖర్చుతో కూడుకున్నది, పైగా ఫొటోల్లో కనిపించదు.

2020 అక్టోబరు వానలకు బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి కింది బస్తీలు మునిగాయి. ఆ నెలలో నగరంలో మునిగిన ప్రాంతాల్లో చాలావాటికి చెరువులను కలిపే కాలువలు పూడిపోవడం, ఇరుకైపోవడం ఒక కారణం. ఒక కమిటీ ఆదివారం పూట కట్ట మీద నడవడం కంటే కాలువ వెంట నడవడం ఎన్నో రెట్లు మేలు.

కొర్రమీను

పాత తూము గారు అన్ని లెక్కలూ చెప్పారు, చెరువు మీద బతికేవాళ్ల లెక్క మాత్రం రాలేదు. మాది మత్స్య సహకార సంఘంలో సభ్యత్వమున్న కుటుంబం. "నాలుగు కాలనీల వాళ్లం కమిటీగా ఏర్పడ్డాము" అని కట్టమీది వేప గారు రాశారు. కాలనీలు రాకముందు ఆ చెరువును ఎవరు చూసుకున్నారు? తూము ఎత్తి దించిన నీరటి కుటుంబం, వల వేసే ముదిరాజులు, గంగపుత్రులు, బట్టలు ఉతికే రజకులు, కట్ట మైసమ్మకు బోనం ఎత్తే ఊరివాళ్లు, గేదెలను దించే పశువుల కాపరులు. వీరిలో మీ కమిటీలో ఎంతమంది ఉన్నారని నేను గౌరవంతోనే అడుగుతున్నాను.

మేము చేపలు పట్టే మరో చెరువుకు ఇలాగే కంచె వేశారు. ఉదయం ఐదు నుంచి తొమ్మిది, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది గేటు తీస్తారు. వల తీయడానికి మేము తెల్లవారుజామున మూడు గంటలకు వెళ్లాలి. కావలి మనిషి తాళం తీయడు, కంచె దూకితే దొంగలంటారు. చేప పిల్లలను పోసిన సంఘానికి చెరువులోకి వెళ్లడానికి అనుమతి పత్రం కావలసి వచ్చింది. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం సంఘాలకు ఉచితంగా చేప పిల్లలను ఇస్తూ వచ్చింది, అంటే చెరువును జీవనోపాధిగా ప్రభుత్వమే గుర్తించింది. కంచె ఆ గుర్తింపును రద్దు చేసినట్టయింది.

ఇంకొక మాట. చెరువు జబ్బుపడితే అందరికంటే ముందు తెలిసేది మాకే. మురుగు ఎక్కువై నీరు పచ్చబడితే రాత్రంతా నాచే ప్రాణవాయువును వాడేసుకుంటుంది. తెల్లవారేముందు చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. ఏడు గంటలకు నడవడానికి వచ్చేవారికి కనిపించేవి తేలిన చేపలే. మూడు గంటలకు చూసేవాణ్ని గేటు బయట నిలబెడితే ఆ హెచ్చరిక ఎవరికీ అందదు.

ఉదయపు నడక

కొర్రమీను గారు చెప్పిన గేటు సంగతి చదివి నాకు బాధ కలిగింది. కంచె విషయంలో నా మాట మార్చుకుంటున్నాను. టిప్పర్లు రాకుండా వాహనాలు దిగే రెండు మూడు చోట్ల రాతి స్తంభాలు పాతితే సరిపోతుంది, మనుషులకు అడ్డు అక్కరలేదు. ఎఫ్‌టీఎల్ లోపల నడకదారి వద్దన్నది కూడా ఒప్పుకుంటున్నాను.

కానీ పాత తూము గారికి ఒక ప్రశ్న. కాలువ వెంట నడవడం, సమాచార హక్కు కింద పటాలు అడగడం, అభ్యంతరాలు దాఖలు చేయడం, వీటి కోసం ఎవరు వస్తారు? పదిహేను మంది మూడేళ్లకే అలసిపోయారని ప్రశ్నలోనే ఉంది. పిల్లలను తీసుకొని వచ్చి ఒక చెట్టు కింద కూర్చునే చోటు లేకపోతే కొత్త తరానికి ఆ చెరువు మీద మమకారం ఎలా కలుగుతుంది? నా మనవరాలికి ఎఫ్‌టీఎల్ తెలియదు, నీటికోళ్లు తెలుసు. అందాన్ని మీరు మరీ తేలికగా తీసేస్తున్నారు.

పాత తూము

అది న్యాయమైన మాటే. కూర్చునే చోటు ఉండాలి. కట్ట మీద ఉండవచ్చు, కట్ట ఎలాగూ ఉన్నదే. వేపలు, ఈత చెట్లు ఉన్న కట్టకు కొత్త నేల అవసరం లేదు. నా అభ్యంతరం అందం మీద కాదు, క్రమం మీద. ముందు సర్వే, హద్దు రాళ్లు, హద్దును ఖరారు చేసే తుది నోటిఫికేషన్, తర్వాత మురుగు, ఆ తర్వాతే బెంచీలు. మన దగ్గర చాలా చెరువులకు ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఏళ్ల తరబడి పని ఆగిపోయింది. అమీన్‌పూర్‌కు అంత గుర్తింపు వచ్చాక కూడా మురుగు, ఆక్రమణల ఫిర్యాదులు ఆగలేదన్నది మరచిపోవద్దు. నీటికోడి సైతం గూడు కట్టేది ఒడ్డున ఉండే తుంగలో, జమ్ములో. రాతి అంచు కట్టి ఆ తుంగను తీసేస్తే మీ మనవరాలికి చూపించడానికి ఫౌంటెన్ మాత్రమే మిగులుతుంది.

తుంగగడ్డి

బెంగళూరులో స్థిరపడిన తెలుగువాణ్ని కాబట్టి ఇక్కడి అనుభవం చెప్తాను. 2000-2010 మధ్య హెబ్బాళ, నాగవార వంటి చెరువులను అభివృద్ధి పేరుతో ప్రైవేటు సంస్థలకు లీజుకిచ్చారు. టిక్కెట్టు కొని చెరువు చూడవలసి రావడం మీద వ్యాజ్యాలు నడిచాయి. 2012లో హైకోర్టు తీర్పు తర్వాత అటువంటి ప్రైవేటీకరణకు అడ్డుకట్ట పడింది. కైకొండ్రహళ్ళి అలా కాదు. అక్కడ స్వామ్యం నగరపాలక సంస్థదే, నివాసుల ట్రస్టు పాత్ర రోజువారీ పర్యవేక్షణ. కాబట్టి కమిటీ ఉండాలా వద్దా అన్నది ప్రశ్న కాదు, కాగితం మీద ఎవరి బాధ్యత ఏమిటన్నది ప్రశ్న.

మీ ముసాయిదాలో నన్ను భయపెట్టినది "నిర్వహణ అంతా కమిటీదే" అన్న మాట. 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి, నిజమే. కానీ దీర్ఘకాలిక ప్రాజెక్టుగా తీసుకున్నా, మొదలుపెట్టిన ఏడాది పోగా మూడేళ్లకు మించదు. ఆ తర్వాత దీపాల కరెంటు బిల్లు, ఫౌంటెన్ మోటారు మరమ్మతు మీ పదిహేను మంది జేబుల్లోంచి పోతాయి. అప్పుడు కట్టకు గండి పడినా "నిర్వహణ కమిటీది కదా" అనే మాట వస్తుంది. చెరువులు సమాజపు ఉమ్మడి వనరులని, వాటిని ఇతర అవసరాలకు మళ్లించకూడదని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది. కాపాడవలసిన కర్తవ్యం ప్రభుత్వానిదే. ఆ కర్తవ్యాన్ని మీ సంతకంతో మీ మీదికి ఎత్తుకోకండి.

కట్టమీది వేప

అందరికీ నమస్కారాలు. ఈ చర్చను మా సమావేశంలో పూర్తిగా చదివి వినిపించాను. కొర్రమీను గారి ప్రశ్నకు జవాబు: మా కమిటీలో మత్స్య సంఘం వారు ఒక్కరూ లేరు, రజకులు ఒక్కరూ లేరు. ఆ మాట నలుగురిలో చెప్పవలసి వచ్చినప్పుడు నాకు సిగ్గనిపించింది. గత ఆదివారం సంఘం అధ్యక్షులను, పాత నీరటి కుటుంబంలో మిగిలిన పెద్దాయనను పిలిచాము. అలుగు మీద ఒకప్పుడు ఉన్న రాతి వరుస ఒకటి ఇప్పుడు లేదని ఆ పెద్దాయన చేత్తో చూపించారు. మూడేళ్లుగా ఆ అలుగు పక్కనే నిలబడి డెక్క తీశాము, మాలో ఎవరికీ అది తెలియదు.

ముసాయిదా మీద సంతకం చేయలేదు. కంపెనీ వారికి నాలుగు మార్పులు రాసి పంపాము. కంచె, ఫౌంటెన్ తీసేయాలి. ఎఫ్‌టీఎల్ సర్వే అయ్యేదాకా ఒడ్డున మట్టి పని చేయకూడదు. ఆ డబ్బులో ఎక్కువ భాగం పైకాలువ ముఖద్వారం దగ్గర చెత్త ఆపే జాలీకి, నీటి పరీక్షలకు కేటాయించాలి. నిర్వహణ అన్న చోట పర్యవేక్షణ అని మార్చమన్నాము. వారు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే నష్టపోయామని అనేవాళ్లు మాలో ఇంకా సగం మంది ఉన్నారు, వాళ్ల మాటలోనూ బలం ఉంది. పాత తూము గారూ, అలుగు ఎత్తు అసలు ఎంత ఉండాలో తేల్చడానికి ఏ శాఖలో ఏ పత్రం అడగాలో దయచేసి చెప్పండి. వానలు పడేలోగా ఆ దరఖాస్తు వేయాలి.

పాత తూము

చిన్ననీటి పారుదల విభాగంలో చెరువు మెమోయిర్ (చెరువు వివరాల రికార్డు), అలుగు మట్టం నమోదైన పాత అంచనా పత్రం అడగండి. రెవెన్యూలో గ్రామ పటం, సేత్వార్ (పాత భూమి సర్వే రిజిస్టరు) నకలు అడగండి. రెండిటినీ ఒకే రోజు, వేర్వేరు దరఖాస్తులుగా వేయండి. కొలతకు వచ్చే రోజు ఆ నీరటి పెద్దాయనను తప్పకుండా వెంట ఉంచుకోండి, నేనూ వస్తాను.