నాలుగేళ్ల నాటి టైరును కొత్తదని అమ్మితే మోసం కాదా?

కపిలతీర్థం వాసి:
పోయిన నెల తిరుపతిలో ఒక షాపులో కారుకు నాలుగు కొత్త టైర్లు వేయించాను. షాపు పేరు రాయను. నిన్న అలైన్‌మెంట్‌కని ఇంకో చోటికి వెళ్తే, కారును పైకి లేపినప్పుడు టైరు లోపలి వైపు కనిపించింది. డీఓటీ అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే కోడు వరుస చివర 1121. అంటే 2021లో 11వ వారం, మార్చి నెలలో తయారైంది. ఇప్పుడు నడుస్తున్నది 2025. నాలుగింటికీ అదే అంకె. బయటి వైపు కూడా డీఓటీ వరుస ఉంది కానీ ఈ చివరి నాలుగంకెలు లేవు. తేదీ ఉన్న వైపును కావాలనే లోపలికి తిప్పి బిగించారు. దీన్ని ఏమనాలి?

గిరింపేట కుర్రాడు:
11 అంటే నవంబరు. ఎనిమిది నెలల వయసు మీరే అదనంగా కలిపారు.

కపిలతీర్థం వాసి:
నెల కాదండీ, వారం.

గిరింపేట కుర్రాడు:
మా నాన్నగారి కాలం నుంచి మాకు టైర్లు వేసే ఆయన నెల అనే చెప్పాడు.

మొగిలి ఘాట్ డ్రైవర్:
నా బండి టైరు మీద 3422 ఉంది. ఏడాదిలో 34వ నెల పేరేమిటో ఆయన్నే అడిగి చెప్పండి స్వామీ.

గిరింపేట కుర్రాడు:
మీ కంపెనీ పద్ధతి వేరేమో.

రెండో ఘాట్:
ఎంతకు కొన్నారు?

టైరు షాపు మనిషి:
నాదీ టైర్ల వ్యాపారమే. మీరు వెళ్లిన షాపు నాది కాదు, ముందే చెప్తున్నాను. తేదీతో ఉన్న పూర్తి వరుస టైరుకు ఒక పక్క ఉంటే చాలు, రెండో పక్క సగం వరుసే ఉంటుంది. అది తయారీలోనే అంత. ఇక బిగించడం. కొన్ని టైర్ల మీద ‘అవుట్‌సైడ్’ అని ఉంటుంది, ఆ వైపు బయటికే రావాలి. కొన్నిటికి బాణం గుర్తు ఉంటుంది, అవి బాణం చూపిన దిక్కుకే తిరగాలి. తేదీ ఎటు పడాలన్నది బిగించేవాడి చేతిలో ఉండదు. ఇక వయసు. గోదాములో నాలుగేళ్లు ఉన్నంత మాత్రాన టైరు చెడిపోదు. అయిదేళ్లు దాటాక ఏటా పరీక్ష చేయించమని, పదేళ్లకు తీసేయమని పెద్ద కంపెనీలే చెప్తున్నాయి.

మొగిలి ఘాట్ డ్రైవర్:
బాణం గుర్తు టైర్లయితే రెండింటికి తేదీ లోపల, రెండింటికి బయట పడుతుంది. ఆయనకు నాలుగూ లోపలే. కపిలతీర్థం అన్నా, మీ టైర్ల మీద ఏముంది, బాణమా, అవుట్‌సైడా?

కపిలతీర్థం వాసి:
రెండూ లేవు.

టైరు షాపు మనిషి:
అయితే ఆ షాపులో బిగించే కుర్రవాడు చేతికి వచ్చినట్టు బిగించి ఉంటాడు.

మొగిలి ఘాట్ డ్రైవర్:
నాలుగుసార్లూ ఒకే చేతికి ఒకేలా వచ్చిందన్నమాట! పదేళ్లు అంటూ లెక్కలు నాకు చెప్పకండి. పలమనేరు నుంచి చిత్తూరు దిగుతుంటే మొగిలి దగ్గర ఏడేళ్ల టైరు పక్క గోడ పగిలింది. గాడుల్లో 1.6 మిల్లీమీటర్ల గట్టు ఉంటుంది కదా, అరుగుదల దాని దాకా ఇంకా రాలేదు. గట్టు చూసుకుని బాగుందనుకున్నాను. అది అరుగుదల చెప్తుంది గానీ రబ్బరు వయసు చెప్పదు. బండిలో చంటిపిల్ల ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు, మొగిలీశ్వరుడికి కొబ్బరికాయ కొట్టాను. ఇంకొకటి, రబ్బరులో కలిపే మైనం టైరు తిరుగుతుంటేనే బాగా పైకొచ్చి పగుళ్లు రాకుండా కాస్తుంది. మూలన పడి ఉన్న టైరుకు ఆ కాపుదల తక్కువ.

టైరు షాపు మనిషి:
చీకటి గోదాము వేరు, రేణిగుంట ఎండలో షాపు ముందు పేర్చడం వేరు.

కొత్త సభ్యుడు:
మధ్యలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నా టైరు మీద గరిష్ఠం 51 పీఎస్‌ఐ అని ఉంటే బంకులో గాలి 33 పట్టారు. నన్నూ మోసం చేశారా?

మొగిలి ఘాట్ డ్రైవర్:
లేదు తమ్ముడూ. 51 అనేది టైరు ఓర్చుకునే హద్దు. పట్టాల్సింది డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. 51 పట్టించుకుని అలిపిరి దాటకు.

కపిలతీర్థం వాసి:
గోదాములో చీకటి ఉందో దీపం ఉందో నాకెందుకు? వ్యాపారులంతా ఒకరినొకరు వెనకేసుకొస్తారు.

టైరు షాపు మనిషి:
ఒక్కటి అడుగుతాను. బిల్లు తీసుకున్నారా?

గిరింపేట కుర్రాడు:
గంటయింది, జవాబు లేదు.

కపిలతీర్థం వాసి:
తీసుకోలేదు. బిల్లు వద్దంటే టైరుకు 700 తగ్గిస్తామన్నారు. మా బావమరిదికి తెలిసిన షాపు.

టైరు షాపు మనిషి:
అదీ సంగతి. ఆ 700 తగ్గింది బిల్లుకు కాదు, 1121కి.

కపిలతీర్థం వాసి:
ఆ ముక్క నాకు చెప్పాలి కదా! ‘సార్, ఇది 2021 సరుకు, అందుకే తక్కువ’ అని ఉంటే కొనేవాడినేమో. కాదు, కొనేవాడినే. ముప్పై ఏళ్లు బ్యాంకులో చెక్కుల మీద తేదీలు చూసి సంతకాలు పెట్టాను. ఇప్పటికీ పాల ప్యాకెట్టు తేదీ చూడకుండా తీసుకోను. అలాంటి నన్ను, ఈయనకు చదవడం రాదులే అని కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు.

టైరు షాపు మనిషి:
అంకె టైరు మీదే ఉంది, వంగి చూసుకోవడం కొనేవాడి పని. 185/65 ఆర్15 88హెచ్ అని ఉంటే అందులో ప్రతిదీ విడమరచి చెప్పమంటారా? 88 అంటే 88 కిలోలే మోస్తుందా అని అడిగినవాళ్లున్నారు. 560 కిలోలండీ. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని. ఇవన్నీ చెప్తూ కూర్చుంటే సాయంత్రానికి రెండు కార్లు కూడా కదలవు.

మొగిలి ఘాట్ డ్రైవర్:
అవన్నీ ఎవరడిగారు? ఆయన అడిగేది నాలుగంకెలు.

టైరు షాపు మనిషి:
చెప్తే ఎవరూ కొనరు, సరేనా? షాపు పెట్టిన కొత్తలో చెప్పి చూశాను. ఏడాది దాటిందంటే చాలు, లేచి వెళ్లిపోయేవారు. వెళ్లి పక్క షాపులో రెండేళ్లది కొత్తదనుకుని వేయించుకుని, నా షాపు ముందు నుంచే హారన్ కొట్టుకుంటూ పోయేవారు. నేనూ చెప్పడం మానేశాను.

రెండో ఘాట్:
టైరు 700 తక్కువకు అన్నారు, అసలు ధర ఎంత?

మొగిలి ఘాట్ డ్రైవర్:
కపిలతీర్థం అన్నా, డిక్కీలో స్టెప్నీ చూశారా?

కపిలతీర్థం వాసి:
ఇప్పుడే కిందికి వెళ్లి టార్చి వేసి చూశాను. 4816. కారు కొన్నప్పటి నుంచి దించలేదు.

గిరింపేట కుర్రాడు:
48... సరే, వారమే.