పిల్లి దొడ్డి మెషిన్ సగం తిరిగి ఆగిపోతుండాది, ఎవరికన్నా తెలిస్తే చెప్పండి

పొగతోట పిల్లోడు, రాత్రి 10:40
అన్నలూ అక్కలూ, మూడు గంటల నుంచి నేల మీద బోర్లా పడుకోని ఈ మెషిన్ కిందకి టార్చి కొట్టి చూస్తా ఉండా, నా వల్ల కావట్లా. పిల్లి పోయినాక దానంతట అదే తిరిగి శుభ్రం చేసుకునే డబ్బా, ఆన్‌లైన్‌లో ముప్పై రెండు వేలు పోసి తెప్పించా, నిన్న బిగించా. మావాడు దిగినాక డ్రమ్ము తిరగాల గదా, తిరగడం మొదలుపెడతాది, సగానికి పోతాది, గుర్ర్ మని మూలుగుతాది, మళ్ళీ వెనక్కొచ్చి ఎర్ర లైటు కొడతా మూడుసార్లు కూస్తాది. ఆఫ్ చేసి ఆన్ చేశా, యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించా, వైఫై కూడా మార్చి చూశా. యాప్‌లో ఏమో మావాడు ఇయ్యాల ఇరవై మూడు సార్లు పోయినాడని చూపిస్తుండాది, వాడు పోయింది ఒకే ఒక్కసారి, అదీ ఆ మూలుగుడికి జడుసుకోని ఎగిరి దూకినాడు, తర్వాత నుంచి బాత్రూమ్ ముందర కాళ్ళు తుడుచుకునే పట్టా మీదే. మాన్యువల్లో చెప్పినట్టే అంతా చేశా. అమ్మినోళ్ళకి మెయిల్ పెడితే వీడియో పంపమన్నారు, పంపితే ఇంకో వీడియో పంపమన్నారు. ఇంట్లో ఆమెకి ఐదో నెల, డాక్టరమ్మ పిల్లి దొడ్డి ముట్టుకోవద్దనిందనే గదా ఇంత పోసి కొన్నది. బిన్నా చెప్పండి, పొద్దున్నే డ్యూటీకి పోవాల.

దర్గామిట్ట మెకానిక్
ఏ మోడల్?

పొగతోట పిల్లోడు
తెల్లది అన్నా. గుండ్రంగా ఉంటాది.

దర్గామిట్ట మెకానిక్
అన్నీ తెల్లగా గుండ్రంగానే ఉంటాయి.

ఒంగోలు మూడు పిల్లులు
బాబూ, ఇంట్లో అమ్మాయికి ఐదో నెల అన్నావు కాబట్టి ముందు అది చెప్తా, తర్వాత మెషిన్ సంగతి చూద్దాం. డాక్టరమ్మ చెప్పింది టాక్సోప్లాస్మా గురించి, అంటే పిల్లి దొడ్డిలో వచ్చే కంటికి కనపడని క్రిమి, కడుపులో బిడ్డకి మంచిది కాదు. మెషిన్ కొన్నాం కదా ఇంక భయం లేదు అనుకోవద్దు. పిల్లి దొడ్డిలో వచ్చే ఆ గుడ్లు వెంటనే అంటుకోవు, బయటపడ్డాక ఒకటి నుంచి ఐదు రోజులు గడిస్తేనే అంటుకునే స్థితికి వస్తాయి, అందుకే ఏ రోజుది ఆ రోజు తీసెయ్యమంటారు. మీ మెషిన్ ఏం చేసిద్ది, దొడ్డి తీసుకెళ్ళి కింద డ్రాయర్లో పడేసిద్ది. జనం ఏం చేస్తారు, వాసన రావట్లేదులే అని వారం రోజులు దాన్ని తెరవరు. ఆ డ్రాయర్ రోజూ తియ్యాలి, నువ్వే తియ్యాలి, గ్లౌజులు వేసుకుని తియ్యాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇంకోటి, అసలు చాలామందికి అది పిల్లి నుంచి రాదు, సరిగ్గా ఉడకని మాంసం నుంచి, కడగని ఆకుకూరల నుంచి, మట్టిలో చేతులు పెట్టడం నుంచి వచ్చిద్ది. ఇంట్లోనే ఉండి ఉడికింది తినే పిల్లితో భయం చాలా తక్కువ. పచ్చి మాంసం మాత్రం పెట్టొద్దు. ఎవరో చెప్పారని పిల్లిని తీసుకెళ్ళి బస్టాండు దగ్గర వదలబాకండి.

పొగతోట పిల్లోడు
వదిలేదేం లేదక్కా, డ్రాయర్ నేనే తీస్తా. మెషిన్ ఎందుకు తిరగట్లేదో చెప్పక్కా.

ఒంగోలు మూడు పిల్లులు
అది నాకు తెలియదు నాయనా, మాది చేత్తో తీసేదే.

కావలి కరెంటు
ఇది ఖచ్చితంగా పవర్ ప్రాబ్లమ్. ఇన్వర్టర్ మీద నడుపుతున్నావా? మామూలు ఇన్వర్టర్లు స్క్వేర్ వేవ్, అంటే గతుకుల కరెంటు ఇస్తాయి, మోటార్ ఉన్న ఏ వస్తువైనా దాని మీద మూలుగుతుంది, ఫ్యాను గుయ్ మనడం నువ్వు వినుంటావు కదా అదే. నేను ఎప్పటి నుంచో చెప్తున్నా, ప్యూర్ సైన్ వేవ్ తప్ప కొనొద్దు అని, నాలుగు వేలకి కక్కుర్తిపడి ఇట్టాంటివి తెచ్చుకుంటారు, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ బదులు బోరు నీళ్ళు పోస్తారు

దర్గామిట్ట మెకానిక్
అడాప్టర్ మీద ఏం రాసుంది?

పొగతోట పిల్లోడు
12 వోల్టులు డీసీ అని ఉండాది.

దర్గామిట్ట మెకానిక్
అయితే ఇన్వర్టర్ కాదు. అడాప్టర్ ఎట్టొచ్చినా డీసీ చేసే ఇస్తుంది.

కావలి కరెంటు
అడాప్టర్ కూడా స్క్వేర్ వేవ్ మీద వేడెక్కుతుంది బ్రదర్, తెలియకపోతే తెలుసుకో.

చీమకుర్తి నల్లరాయి
మెషిన్ దేని మీద పెట్టావు? కాళ్ళ కింద బరువు సెన్సార్లు ఉంటయ్, పిల్లి ఎక్కిందా దిగిందా అని అవే లెక్కేసేది. నేల గట్టిగా, ఎత్తుపల్లాలు లేకుండా ఉండాలి. మా గ్రానైట్ ఫ్లోరింగ్ అయితే ఇట్టాంటి తంటాలే ఉండవు, లెవెల్ పెడితే బుడగ మధ్యలోనే నిలబడిద్ది.

పొగతోట పిల్లోడు
టైల్సే అన్నా. శబ్దం రాకుండా కింద దుప్పటి నాలుగు మడతలు వేశా.

చీమకుర్తి నల్లరాయి
దుప్పటి తియ్యి సామీ. కాళ్ళు మెత్తగా దిగినప్పుడల్లా బరువు మారిద్ది, అది పిల్లి అనుకుంటది. ఇరవై మూడు సార్లు ఎక్కింది దుప్పటే. తీసినాక ఆఫ్ చేసి లోపల పిల్లి లేనప్పుడు ఆన్ చెయ్యి, సున్నా నుంచి లెక్క మొదలుపెట్టిద్ది.

మైపాడు గాలి
నాకూ ఇట్టాంటి మెషినే ఉండాది, ఏడాది అయింది. దుప్పటి తియ్యి సరే, కానీ ఒక్క మాట. మావాడు అంటున్నావు, మగోడేనా? ఆ ఇరవై మూడు తప్పుడు లెక్క అయితే మంచిదే. నిజంగా మాటిమాటికీ పోయి కూర్చోని చుక్క చుక్కగా పోస్తా అరుస్తా ఉంటే అది మూత్రం అడ్డుపడ్డం, మగ పిల్లులకి వస్తాది, తెల్లారేదాకా కూడా ఆగకూడదు, డాక్టర్ దగ్గరికి ఎత్తుకోని పోవాల్సిందే. పట్టా మీద ఎంత పోసినాడో చూసినావా?

పొగతోట పిల్లోడు
మగోడే అన్నా. పట్టా పిండితే గ్లాసుడు వస్తాది, ఆ భయం లేదు. దుప్పటి తీశా, యాప్‌లో లెక్క ఆగింది. మూలుగుడు మాత్రం ఆగలా. మళ్ళా సగానికే.

దర్గామిట్ట మెకానిక్
లోపల ఏ లిట్టర్ పోశావు, పిల్లి కప్పెట్టుకునేది?

పొగతోట పిల్లోడు
ఇసుకే అన్నా, గీత దాకా పోశా.

దర్గామిట్ట మెకానిక్
ఇసుక అంటే బెంటోనైట్ మట్టా, సోయా టోఫూనా, క్రిస్టలా?

పొగతోట పిల్లోడు
ఇసుక అన్నా. ఇసుక. మాన్యువల్లో పిల్లి ఇసుక గీత దాకా పోయమని రాసుండాది. పైన ఫ్లోర్ కడతా ఉండాం, పెన్నా ఇసుక లోడు దిగుండాది, సన్న జల్లెడ పట్టి, మూడు నీళ్ళు కడిగి, మేడ మీద ఎండబెట్టి పోశా. ఒక్క రాయి కూడా లేదు.

దర్గామిట్ట మెకానిక్
🙏

మైపాడు గాలి
ఓరి నాయనో. ఇది మొదటి మెసేజ్‌లో చెప్పుంటే గంట కిందటే పడుకునేవాళ్ళం గదయ్యా. చైనా వాళ్ళు లిట్టర్ని వాళ్ళ భాషలో పిల్లి ఇసుక అనే అంటారు, మాన్యువల్ రాసినోడు దాన్నే మార్చి పెట్టినాడు, నువ్వు నిజం ఇసుకే పోసినావు. ఎండు ఇసుక లీటరు కిలోన్నర దాటుతాది, బెంటోనైట్ దరిదాపు కిలో, టోఫూ అయితే అందులో సగమే. గీత దాకా ఎనిమిది లీటర్లు పట్టిందనుకో, పన్నెండు కిలోలు పైన. ఆ చిన్న మోటార్ ఏం తిప్పుద్ది, సగానికి వచ్చేసరికి పిల్లో చెయ్యో ఇరుక్కుందేమో అనుకోని వెనక్కి తిరుగుతాది, అది రిపేరు కాదు, దాని జాగ్రత్త అది. అది తిరిగినా లాభం లేదు, నది ఇసుక ఉచ్చకి ఉండ కట్టదు. బెంటోనైట్ నీళ్ళు తాగి ఉబ్బి ఉండ అయిపోతాది, జల్లెడలో ఉండ మిగిలి డ్రాయర్లో పడతాది, మిగతాది దిగిపోతాది. నీ ఇసుక అయితే తడిదీ పొడిదీ అంతా దిగిపోయి అందులోనే ఉంటాది.

కావలి కరెంటు
ఇసుక ఉచితమని పిల్లికి కూడా పోసేశాడు 😂

గూడూరు తెల్లిసుక
ఎవురో పైన క్రిస్టల్ అన్నారు కాబట్టి చెప్తుండా, దాన్ని అందరూ సిలికా ఇసుక అంటారు, అది తప్పు. సిలికా ఇసుక అంటే మా చిల్లకూరు, కోట వైపు తవ్వేది, లారీల్లో గాజు ఫ్యాక్టరీలకి పోయేది. పిల్లి డబ్బాలో పోసేది సిలికా జెల్. బూట్ల డబ్బాలో చిన్న సంచీ ఉంటాది చూడండి, అదే సరుకు. రెండూ సిలికానే గానీ ఒకటి రాయి ఒకటి స్పాంజి.

కావలి కరెంటు
జెల్ అంటే మెత్తగా ఉండాలి కదా, అది గట్టిగా ఉంటుంది. ఎట్టా జెల్ అవుతుంది?

గూడూరు తెల్లిసుక
చేసేటప్పుడు మెత్తగా ఉంటాది, ఆరబెడితే గట్టిపడతాది. పేరు అట్టా నిలిచిపోయింది.

కావలి కరెంటు
పేరు తప్పు అన్నమాట.

గూడూరు తెల్లిసుక
పేరు తప్పు కాదు.

మార్కాపురం తాత
మా చిన్నప్పుడు పొయ్యిలో బూడిద పాత బొచ్చెలో వేసి మూల పెట్టేవాళ్ళం, పిల్లి పోయి కప్పెట్టుకునేది, మధ్యాహ్నం మా అమ్మ తీసుకెళ్ళి దిబ్బలో పోసేది, అంతే. వాసనా లేదు, ముప్పై రెండు వేలూ లేవు. అమెరికావోళ్ళు కూడా బూడిదా ఇసుకా వాడినోళ్ళే, 1947లో ఎడ్ లోవ్ అనే ఆయన మట్టి గుళికలు సంచుల్లో కట్టి అమ్మడం మొదలెట్టాకే ఈ వ్యాపారమంతా వచ్చింది. కుర్రోడు ఇసుక పోయడంలో తప్పేముంది, పిల్లికి ఇసుకంటే ఇష్టమే. తప్పు మెషిన్‌ది.

ఒంగోలు మూడు పిల్లులు
బూడిద మంచిదే తాతా, ఇప్పుడు పొయ్యిలేవి. గ్యాసు బండలోంచి బూడిద వచ్చిద్దా.

పొగతోట పిల్లోడు
ఇప్పుడు ఈ ఇసుక ఎట్టా తియ్యాల? డ్రమ్ము తిరిగే పళ్ళ చక్రాల్లో కూడా దూరింది, చేత్తో తిప్పితే కరకర మంటుండాది.

మైపాడు గాలి
ముందు ప్లగ్ పీకు. డ్రమ్ము పైకెత్తితే వస్తాది, దాన్ని మేడ మీదకి తీసుకుపోయి కడుక్కో, బాగా ఆరనీ. కింద మోటార్ ఉన్న భాగం మీద మాత్రం చుక్క నీళ్ళు పొయ్యొద్దు, పళ్ళ చక్రాల్లో ఉన్నది కొత్త పెయింటు బ్రష్షుతో ఊడ్చు, కళ్ళ లాంటి నల్ల సెన్సార్ ఉంటాది, దాన్ని పొడిగుడ్డతో తుడువు. బెంటోనైట్ సంచీ మూతి బిగించి పెట్టుకో, మన సముద్రపు గాలికి, ముఖ్యంగా కార్తీకం వానల్లో, అది సంచీలోనే చెమ్మ పట్టి డ్రమ్ము గోడకి అట్టగడతాది, నాకు పోయినేడు గరిటెతో గీకాల్సొచ్చింది. వాడేసింది లెట్రిన్‌లో పొయ్యొద్దు, పైపులో ఉబ్బి కూర్చుంటాది. ఇంక మీవోడు. జడుసుకున్నాడు గదా, నాలుగు రోజులు కరెంటు ఇవ్వకుండా ఉత్త డబ్బాలాగే పెట్టు. వాడు పాడు చేసిన ఆ పట్టా ముక్క ఒకటి కత్తిరించి లోపల వెయ్యి, వాసన చూసి తనదే అనుకుంటాడు. పక్కన పాత ట్రే కూడా ఉంచు. మా ఆడ పిల్లి పదిరోజులు దాన్ని దూరం నుంచి చూసి పళ్ళికిలించేది, ఇప్పుడు అది తిరగతా ఉంటే ముందర కూర్చోని టీవీ చూసినట్టు చూస్తాది.

దర్గామిట్ట మెకానిక్
ఎన్ని కిలోలు మీవాడు? కిలోన్నర లోపు పిల్లల్ని కొన్ని మెషిన్లు గుర్తుపట్టవు.

పొగతోట పిల్లోడు
నాలుగున్నర అన్నా. చేపల పులుసులో తలకాయలన్నీ వాడియ్యే.

ఒంగోలు మూడు పిల్లులు
ఉప్పూ కారం ఉన్న పులుసు పెడుతున్నావా పిల్లికి?

(ఆరు రోజుల తర్వాత)

పొగతోట పిల్లోడు
బెంటోనైట్ వేశా, తిరగతుండాది. మావోడు నిన్న పోయినాడు. థాంక్స్ అన్నా.

కావలి కరెంటు
అయితే ఇన్వర్టర్ మార్చావా?

చీమకుర్తి నల్లరాయి
ఆ పన్నెండు కిలోల ఇసుక ఏం చేశావు?

పొగతోట పిల్లోడు
బయట గోతంలో పెట్టుంటే మేస్త్రి చూసుకోకుండా సిమెంటులో కలిపేసినాడు. పై రూమ్ గోడకి ప్లాస్టరింగ్ అయిపోయింది.

ఒంగోలు మూడు పిల్లులు
పై రూమ్ ఎవరికి కడుతున్నారు?

పొగతోట పిల్లోడు
మా మామగారోళ్ళు వస్తే ఉండడానికి అక్కా. ఒక్కసారే గదా పోసింది వాడు.