డీపీఎఫ్ (డీజిల్ పొగలో మసిని పట్టే ఫిల్టర్) లైటు మళ్లీ వెలిగింది, ఫిల్టర్ మార్చాలా?

ప్రశ్న (పటమట, విజయవాడ):
మా డీజిల్ ఎస్‌యూవీ ఇంటికీ, బందరు రోడ్డులో ఆఫీసుకీ తప్ప కదలదు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ సంగతి తెలిసిందే. డీపీఎఫ్ లైటు మళ్లీ వెలిగింది. సర్వీస్ సెంటర్‌లో ఫిల్టరే మార్చాలన్నారు. రేటు వింటే కళ్లు తిరిగాయి. బండిలోనే తేడానా?

జవాబు (గుంటూరు):
తొందరపడకన్నా. ఫిల్టర్‌లో మసి కాలాలంటే బాగా వేడెక్కాలి, సిటీ తిరుగుడుకి అంత వేడి రాదు. కాజ టోల్‌గేట్ వైపు ఓ అరగంట ఆగకుండా పోనివ్వు. ఒక గేరు తగ్గించి నడుపు. మధ్యలో ఇంజన్ ఆపావో, మళ్లీ మొదటికే. మా ఆవిడకి ఆ వంకన మంగళగిరి పానకాల స్వామి దర్శనం!

మరొకరు:
హైవే ఎక్కేముందు డిప్‌స్టిక్ (ఇంజనాయిల్ ఎంతుందో చూపే కడ్డీ) తీసి చూడండి. మసి కాల్చడం సగంలో ఆగిపోతుంటే డీజిల్ ఇంజనాయిల్లో కలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చూశానండీ. ఆయిల్ పై గీత దాటింది, డీజిల్ వాసన! రేపు ఆటోనగర్‌లో ముందు ఆయిల్ మార్పిస్తా.