శృంగార కథ అమ్మాలా వద్దా అని తేల్చాల్సింది పేమెంట్ కంపెనీయేనా?

ఒంగోలు డీటీపీ (చర్చ మొదలుపెట్టినవారు)

అద్దంకి బస్టాండ్ దగ్గర నాకో డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు, ఏది వస్తే అది చేస్తాం. మా దగ్గర పుస్తకాలు చేయించుకునే ఒక రచయిత్రి సంగతి ఇది. పేరు, ఊరు చెప్పను. కలం పేరుతో శృంగార కథలు రాస్తుంది. పచ్చిగానే ఉంటాయి, దాచేదేం లేదు. పాత్రలన్నీ ఈడొచ్చినవాళ్లే, జరిగేవన్నీ ఇష్టపడి జరిగేవే. పీడీఎఫ్ 49 రూపాయలు, పేమెంట్ లింకు పెట్టి అమ్ముకునేది. ఇంటి సరుకుల ఖర్చు వెళ్లిపోయేది.

మొన్న పేమెంట్ గేట్‌వే వాళ్లు, అంటే కొన్నవాళ్ల డబ్బు ఆమెకి చేరవేసే కంపెనీవాళ్లు, మెయిల్ పెట్టారు. మీ వ్యాపారం మేం అనుమతించే రకం కాదు, ఖాతా ఆపేస్తున్నాం అని. ఏ కథ, ఏ పేజీ, ఏమీ లేదు. అప్పటికి ఆమెకి రావాల్సిన డబ్బులు కూడా పట్టేశారు. ఎందుకని అడిగితే అదే మెయిల్ మళ్లీ పంపించారు.

పోలీసు కేసు లేదు, కోర్టు నోటీసు లేదు. చట్టం ఇంకా తప్పనని దాన్ని డబ్బు చేరవేసేవాడు ఎట్టా ఆపుతాడు? ఇది తేల్చండి.

కావలి టీచర్

ఆపితే మంచిదే కదండీ. మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లల ఫోన్లు తీసుకుని చూస్తే ఉండేవి ఇవే. వదిన, ఆంటీ, టీచర్ అని పేర్లు పెట్టి మరీ రాస్తారు. రేపు నన్ను క్లాసులో చూసే చూపు మారిపోతుంది. రాసుకునే స్వేచ్ఛ ఉంటే ఉండనివ్వండి, అమ్మిపెట్టాల్సిన బాధ్యత అవతలివాడికి ఎందుకు? కిరాణా కొట్టాయన సిగరెట్లు అమ్మను అంటే కేసు పెడతామా?

పెన్నేటి పిల్లోడు

మేడం, పిల్లకాయల ఫోన్లలో ఉండేది టెలిగ్రామ్‌లో ఊరికే దొరికే సరుకు. 49 రూపాయలు పెట్టి కొనేవాడు పిల్లకాయ అయ్యుండడు. డబ్బులు కట్టే దారి మూస్తే నష్టపోయేది రాసినామె. దొంగ కాపీలు తిప్పేవాడికి ఏమైద్ది? వాడు గేట్‌వే వాడితేగా!

బ్యాంకు బాబాయ్

బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి అటువైపు నుంచి కూడా రెండు ముక్కలు. గేట్‌వే వాడికి మీ కథ మీద పగ ఉండదమ్మా. వాడి మీద బ్యాంకు, బ్యాంకు మీద వీసా, మాస్టర్‌కార్డు ఉంటాయి. కార్డుతో కొన్నవాడు, స్టేట్‌మెంట్ భార్య కంటపడగానే "ఇది నేను కొనలేదు, ఎవరో నా కార్డు వాడారు" అంటాడు. చార్జ్‌బ్యాక్ అవుతుంది, అంటే కట్టిన డబ్బు వాడికి వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది. ఈ సరుకులో అవి ఎక్కువ. ఎక్కువైతే బ్యాంకుకి జరిమానా. అందుకే పెద్దల సరుకుని వేరే కోడ్‌లో పెట్టి, రిస్కు ఎక్కువ అని రాసుకుని, అదనపు ఫీజులు కట్టించుకుంటారు. నెలకి నాలుగు కథలు అమ్ముకునే మనిషి కోసం ఆ తలనొప్పి ఎవడు పెట్టుకుంటాడు? వద్దనేస్తాడు.

ఇంకో సంగతి. మన దేశంలో చాలా గేట్‌వేల నిషిద్ధ జాబితా తెరిచి చూడండి. అశ్లీల చిత్రాలు, వీడియోలు ఉంటాయి సరే, పక్కనే బ్రాకెట్లో "సాహిత్యం" కూడా ఉంటుంది. ఆమె సంతకం పెట్టిన ఒప్పందంలోనే అది ఉండి ఉంటుంది.

ఒంగోలు డీటీపీ

ఉంది బాబాయ్, చూశాను. లైంగిక భావాలు రేపే సాహిత్యం అన్నారు. ఆ లెక్కన నేను డీటీపీ చేసిన ప్రబంధాల వ్యాఖ్యానం కూడా అమ్మకూడదు. అది మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా అమ్ముడుపోతోంది, దాన్ని రాసింది రిటైర్డ్ ప్రొఫెసర్ కాబట్టి.

చార్జ్‌బ్యాక్ మాట ఒప్పుకుంటా. కానీ ఆమె అమ్మకాల్లో ముప్పాతిక యూపీఐ మీద వచ్చినవే. పిన్ను కొట్టి పంపినవాడు నేను పంపలేదు అని ఎట్టా అంటాడు? ఈ నిబంధన కార్డుల కాలంలో, అమెరికాలో పుట్టింది. ఇక్కడికి వచ్చేసరికి కారణం అక్కడే ఉండిపోయింది, నిబంధన ఒక్కటే వచ్చింది.

2012 ఫిబ్రవరిలో ఏం జరిగిందో చూడండి. స్మాష్‌వర్డ్స్ అని సొంతంగా ఈబుక్స్ వేసుకునేవాళ్లకి పెద్ద అంగడి. డబ్బు చేరవేసే కంపెనీ పేపాల్ వాళ్లు దానికి గడువు పెట్టారు: ఫలానా రకాల శృంగార పుస్తకాలు తీసేయండి, లేకపోతే మీ ఖాతా మూసేస్తాం అని. బలాత్కారం, జంతువులు, రక్తసంబంధం, ఇట్లాంటివి. రచయితలు, పౌరహక్కుల సంఘాలవాళ్లు గొడవ చేశాక మార్చిలో పేపాల్ వెనక్కి తగ్గింది. రకాలకి రకాలు కాదు, ఒక్కో పుస్తకం చూసి చెబుతాం, అదీ ముఖ్యంగా బొమ్మలున్నవాటి సంగతి అంది. అంటే పుస్తకం చూసి తేల్చడం వాళ్లకి చేతకాని పనేం కాదు. గొడవ జరిగితే చేస్తారు. తెలుగులో రాసే ఒక్కామె కోసం గొడవ ఎవరు చేస్తారు?

పొదిలి అడ్వకేట్

చట్టం నన్ను చెప్పనివ్వండి. అచ్చయిన పుస్తకం అశ్లీలమని రుజువైతే భారతీయ న్యాయ సంహిత 294 కింద మొదటిసారి 2 ఏళ్ల దాకా జైలు, 5,000 దాకా జరిమానా. అదే కథ ఫోన్‌లోకి వస్తే ఐటీ చట్టం 67: మూడేళ్లు, 5 లక్షలు. లైంగిక చర్య నేరుగా ఉందంటే 67ఏ: అయిదేళ్లు, 10 లక్షలు. కాబట్టి డీటీపీ అన్నా, "చట్టం తప్పనలేదు" అని అంత ధీమాగా అనకండి. "ఇంకా ఎవరూ కేసు పెట్టలేదు" అనండి.

అయితే ఏది అశ్లీలం అన్నదానికి కోర్టులు మారుతూ వచ్చాయి. 1964లో రంజిత్ ఉదేశీ కేసులో హిక్లిన్ పరీక్ష పట్టుకున్నారు, చెడిపోయే మనసున్నవాడి చేతిలో పడితే ఏమవుతుంది అని. 2014లో అవీక్ సర్కార్ కేసులో దాన్ని వదిలేసి, ఇప్పటి సమాజం ప్రమాణాలతో, మొత్తంగా చూడాలి అన్నారు. 2024లో ఒక వెబ్ సిరీస్ కేసులో, బూతు మాటలు ఉన్నంత మాత్రాన అశ్లీలం అయిపోదు అని కూడా చెప్పారు. సాహిత్యానికి, కళకి మినహాయింపు ఉంది. ఈ వాదనలన్నీ జడ్జి ముందు చేసుకోవచ్చు. గేట్‌వే వాడి ముందు చేసుకోవడానికి లేదు, అదీ తేడా.

రక్తసంబంధం అన్నారు కాబట్టి ఒక మాట. మన జిల్లాల్లో మేనమామని చేసుకున్న ఆడవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ఆచారం ఉంటే హిందూ వివాహ చట్టం కూడా ఒప్పుకుంటుంది. అలాంటి మొగుడూ పెళ్లాల మీద ఎవరైనా శృంగార కథ రాస్తే, అమెరికా జాబితాలో అది నిషిద్ధం. చట్టబద్ధంగా కాపురం చేసుకోవచ్చు, కథ మాత్రం అమ్ముకోకూడదు!

కావలి టీచర్

అక్కా, అది చెప్పి ఈ వదినా మరిది కథలన్నిటికీ తలుపు తీయకండి. రాసేవాళ్లు చూసుకునేది ఆచారమా, ఏం అమ్ముడుపోతుందనా?

పొదిలి అడ్వకేట్

తలుపు తీయమనట్లేదమ్మా. తలుపు దగ్గర ఎవరు నిలబడాలి అంటున్నా.

ట్రంకు రోడ్డు పుస్తకాలు

నెల్లూరులో పుస్తకాల అంగడి పెట్టుకుని బతికినవాడిని. ఆ రోజుల్లో ఈ సరుకు బస్టాండ్ బంకుల్లో దొరికేది, లోపల పేజీలు కనపడకుండా పిన్నులు కొట్టి వేలాడదీసేవాళ్లు. కొనేవాడు ముందు వార్తాపత్రిక అడిగి, చిల్లర తీసుకుంటా "అదొకటి" అనేవాడు. అప్పుడప్పుడూ పోలీసులొచ్చి కట్టలు తీసుకుపోయేవాళ్లు. పోతే పోయాయి, పంచనామా రాసేవాళ్లు. ఏ పుస్తకం, ఎన్ని ప్రతులు, సాక్షులు ఎవరు, అన్నీ అందులో ఉండేవి. ఆ కాగితం పట్టుకుని కోర్టుకి పోవచ్చు. ఈ అమ్మాయికి ఆ కాగితం కూడా లేదు.

18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనము అనే శృంగార కావ్యం సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని 1910లో పరిష్కరించి వావిళ్ల వారి చేత వేయించింది. ఆడది ఇంత పచ్చిగా రాయడమేంటని ముద్దుపళనిని వీరేశలింగం గారంతటివారు ఏనాడో తిట్టిపోసి ఉన్నారు. ప్రభుత్వం నిషేధించింది. 1947లో ఎత్తేసింది ఎవరు? మద్రాసు ప్రధానిగా ఉన్న టంగుటూరి ప్రకాశం పంతులు. మీ జిల్లాకి పేరు పెట్టుకున్నారే, ఆయనే. వినోదరాయునిపాలెంలో పుట్టినాయన. అన్నేళ్లు పట్టింది నిజమే. కానీ నిషేధించినవాడు ఫలానా అని తెలుసు, అర్జీ ఎవరికి పెట్టాలో తెలుసు. ఇప్పుడు చెప్పండి, ఈ అమ్మాయి అర్జీ ఎవరికి పెట్టాల? గేట్‌వేని అడిగితే బ్యాంకు అంటాడు, బ్యాంకుని అడిగితే కార్డు కంపెనీ అంటాడు.

పెన్నేటి పిల్లోడు

పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. 2025 జులైలో కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ అంగళ్లలో ఇదే జరిగింది. ఆస్ట్రేలియాలో కలెక్టివ్ షౌట్ అనే సంఘం, అత్యాచారం ఉన్న ఆటలకి డబ్బు చేరవేయొద్దని పేమెంట్ కంపెనీలకి ఉత్తరాలు రాసింది. స్టీమ్ కొన్ని ఆటలు తీసేసింది. ఇచ్.ఐఓ అయితే పెద్దల విభాగం మొత్తాన్ని సెర్చ్‌లో కనపడకుండా చేసింది. మాస్టర్‌కార్డేమో మేం ఏ ఆటనీ తీయమనలేదు అంది. స్టీమ్ వాళ్లేమో, మాతో మాట్లాడింది మధ్యలో ఉండే కంపెనీలు, వాళ్లు మాస్టర్‌కార్డు రూలే చూపించారు అన్నారు. ఆ రూల్‌లో ఉండేది ఏంది? మా బ్రాండ్‌కి చెడ్డపేరు తెస్తుందని మేం అనుకుంటే చాలు అని. ఇంక వాదించేదానికి ఏముండాది సామీ!

నా సలహా, ఆమెని సొంత యూపీఐ నంబరుకే డబ్బులు వేయించుకోమనండి, ఫైల్ వాట్సాప్‌లో పంపిస్తే సరిపోద్ది.

బ్యాంకు బాబాయ్

ఆ పని చేయించవద్దు అబ్బాయ్. సేవింగ్స్ ఖాతాలోకి ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గర్నుంచి రోజూ 49, 49 వస్తుంటే ఖాతా మీదే కన్ను పడుతుంది. పైగా కొన్నవాళ్లందరికీ ఆమె అసలు పేరు, ఫోన్ నంబరు తెలిసిపోతాయి. కలం పేరు పెట్టుకుంది ఎందుకు మరి?

ఒంగోలు డీటీపీ

ఆ భయమే ఎక్కువ ఆమెకి. అందుకే గట్టిగా అడగడం లేదు, ఫిర్యాదు మీద అసలు పేరు రాయాలి కదా అని.

టీచర్ గారూ, మీ మాట నేను తీసిపారేయను. పిల్లల పాత్రలుంటే ఆపండి, కేసే పెట్టండి. పేజీలో వయసు అడగాలంటే అడుగుతాం, అట్ట మీద పెద్దలకు మాత్రమే అని వేస్తాం. స్మాష్‌వర్డ్స్ వాళ్లు 2017లో రచయితే తన పుస్తకంలో ఏ రకం విషయం ఉందో గుర్తు పెట్టే ఏర్పాటు తెచ్చారు. ఏది పెట్టుకోవాలో ఒక్కో అంగడి తేల్చుకుంటుంది. అదైనా నయం. కిరాణా కొట్టు పోలిక మాత్రం కుదరదు. ఒక కొట్టాయన వద్దంటే పక్క కొట్టుకి పోతాం. ఇక్కడ ఊళ్లో కొట్లన్నిటిదీ ఒకటే జాబితా.

పైగా గంపగుత్తగా ఆపితే ఏమవుతుందో 2013 అక్టోబరులో చూశాం. బ్రిటన్‌లో పుస్తకాల అంగళ్ల కంపెనీ డబ్ల్యూహెచ్‌స్మిత్ తన వెబ్‌సైట్ మొత్తం మూసింది, ఈబుక్స్ అమ్మే కోబో అక్కడ సొంతంగా వేసుకున్న పుస్తకాలని కుప్పగా తీసేసింది. శృంగారం ఒక్క ముక్క రాయనివాళ్లవి కూడా పోయాయి.

కావలి టీచర్

వయసు అడిగితే పిల్లలు నిజం చెబుతారా, ఎంత మాటండీ! నా అభిప్రాయం మారలేదు. ఆ కథలు అమ్మకపోతే ఎవరికీ వచ్చే నష్టం లేదు. కానీ అప్పటికే అమ్మినవాటి డబ్బులు పట్టుకోవడం ఏం న్యాయం? సరుకు చెడ్డదైతే కమీషన్ ఎందుకు తీసుకున్నారు ఇన్నాళ్లూ?

పొదిలి అడ్వకేట్

అదే పట్టుకోవాలి. ఖాతా మూయడం మా వ్యాపార నిర్ణయం అంటారు, దాని మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు ఆంబుడ్స్‌మన్ దగ్గర నిలబడడం కష్టం. పట్టిన డబ్బు సంగతి వేరు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అది ఎస్క్రో ఖాతాలో, అంటే అమ్మినవాళ్ల డబ్బు విడిగా ఉంచే ఖాతాలో ఉండాలి, గేట్‌వే సొమ్ము కాదు. ముందు వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. ఎంత పట్టారు, ఏ నిబంధన కింద, ఎప్పుడు వదులుతారు, ఈ మూడే అడగండి. కథల మంచిచెడుల జోలికి పోవద్దు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆంబుడ్స్‌మన్‌కి వెళదాం. పేరు బయటికి వస్తుందని భయమైతే ఉత్తరం నా లెటర్‌హెడ్ మీద పంపుదాం. ఆమెని ఒప్పందం కాపీ, ఆ మెయిల్ పట్టుకుని రమ్మనండి, ఫీజు సంగతి తర్వాత.

ఒంగోలు డీటీపీ

శనివారం తీసుకొస్తా అక్కా. రెండు మెయిల్స్ ప్రింటు తీసి ఉంచాను.